ఫోన్ కాంట్రాక్ట్‌తో ఇస్తామన్న గిఫ్ట్ నెలలు గడిచినా రాకపోతే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండేళ్ల ఫోన్ కాంట్రాక్ట్ తీసుకుంటే ట్యాబ్లెట్ ఉచితం అన్నారు, 45 రోజుల్లో ఇంటికి పంపుతామన్నారు. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది, ట్యాబ్లెట్ జాడ లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "అది ఫ్రీ ఐటమ్ అండీ, స్టాక్ వచ్చాక పంపిస్తారు" అంటున్నారు. దీని మీద మనకి హక్కేమైనా ఉంటుందా, నెల బిల్లు కట్టడం ఆపేయొచ్చా, కాంట్రాక్టే రద్దు చేసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

హక్కు ఉంది. బిల్లు మాత్రం ఆపకండి. రద్దు సంగతి, ఆ ట్యాబ్లెట్ ఇస్తామని మాటిచ్చింది ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది. నాకు ఒక స్మార్ట్ వాచ్ విషయంలో అచ్చం ఇలాగే జరిగింది, చివరికి దాని విలువ రాబట్టుకోగలిగాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు లెక్క చూడండి. మీరు తీసుకున్న ఫోను, అదే డేటా, అవే కాల్స్‌తో గిఫ్ట్ లేని ప్లాన్ ఒకటి ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాని నెలసరి మొత్తానికీ మీరు కడుతున్న దానికీ ఉన్న తేడాని 24తో గుణించండి. నా విషయంలో ఆ మొత్తం వాచ్ మార్కెట్ ధరకి దగ్గర దగ్గరగా వచ్చింది. అంటే ఆ వాచ్‌కి నేను నెలనెలా వాయిదాలు కడుతూనే ఉన్నాను, వస్తువు మాత్రం నా చేతికి రాలేదు. ఈ లెక్కని ఫిర్యాదులో నాలుగు లైన్లలో రాశాక, "ఉచితమే కదా" అన్న మాట అవతలి నుంచి మళ్లీ రాలేదు. మీరూ ఈ లెక్క తప్పకుండా వేయండి. ఒకవేళ తేడా ఏమీ రాకపోయినా మీ హక్కు పోదు. ఆ ట్యాబ్లెట్‌ని చూపించే మీ చేత రెండేళ్లకి సంతకం పెట్టించారు, మీరు మీ వంతు కడుతున్నారు.

చట్టాలు కూడా దీన్ని కంపెనీ దయగా చూడవు. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కాబట్టి నాకు తెలిసినవి చెప్తాను. ఈ విషయంలో అన్నిటికంటే సూటిగా ఉన్నది ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం. దాని 32వ సెక్షన్ ప్రకారం ఒక వస్తువు గానీ సేవ గానీ అమ్ముతూ గిఫ్ట్ ఇస్తామని చెప్తే, చెప్పిన గడువులోగా ఇవ్వాలి. గడువు చెప్పకపోతే సమంజసమైన సమయంలో ఇవ్వాలి. భారతదేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం అక్రమ వ్యాపార పద్ధతుల్ని నిర్వచిస్తూ, ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతులు ప్రకటించడాన్ని అందులో చేర్చింది. అంతేకాదు, వసూలు చేసే మొత్తంలోనే వస్తువు ఖరీదు పూర్తిగానో కొంతో కలిపేసి, పైకి ఉచితం అన్నట్టు కనిపించేలా చేయడాన్ని కూడా అదే కోవలో పెట్టింది. నేను పైన చెప్పిన లెక్క ఎందుకు పనికొస్తుందో మీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. అమెరికాలో వ్యాపార పద్ధతుల్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1971 నుంచీ అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో, ఉచితం అని ప్రకటిస్తే దానికున్న షరతులన్నీ మొదట్లోనే స్పష్టంగా చెప్పాలంటుంది.

ఇక అసలు చిక్కు. మాటిచ్చింది ఎవరు?

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. సిమ్ ఒక నెట్‌వర్క్‌ది, ఫోన్ అమ్మింది వేరే దుకాణం, వాచ్ తయారుచేసింది ఇంకో కంపెనీ. నెట్‌వర్క్ వాళ్లని అడిగితే ఆఫర్ దుకాణం వాళ్లదన్నారు. దుకాణంలో అడిగితే తయారీ కంపెనీ పంపాలన్నారు. తయారీ కంపెనీకి రాస్తే మా రికార్డుల్లో మీ పేరు లేదన్నారు. వీళ్లు కాక, గిఫ్టులు ప్యాక్ చేసి పంపే పని కాంట్రాక్ట్‌కి తీసుకున్న నాలుగో సంస్థ ఒకటి ఉంటుంది. మనకి వచ్చే "మీ క్లెయిమ్ పరిశీలనలో ఉంది" లాంటి మెయిళ్లు చాలాసార్లు వాళ్లు పంపేవే. వాళ్లతో ఎంత వాదించినా లాభం లేదు, వాళ్లు మనకేమీ బాకీ లేరు.

దీనికి జవాబు రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి, మీ ఆర్డర్ కన్ఫర్మేషన్ మెయిల్ లేదా సంతకం చేసిన కాగితం. అందులో గిఫ్ట్ ప్రస్తావన ఉంటే, ఆ కాగితం ఎవరి పేరు మీద ఉందో వాళ్లే మీకు జవాబుదారు. రెండోది, ఆఫర్ నిబంధనల పేజీ. దాని అడుగున చిన్న అక్షరాల్లో "ఈ ప్రమోషన్ నిర్వహిస్తున్నది" అంటూ ఒక కంపెనీ పేరు, చిరునామా ఉంటాయి. నాకు అక్కడే దొరికింది. అది దుకాణం నడిపే కంపెనీ పేరే. ఆ రోజు నుంచి మిగతా ఇద్దరికీ ఫోన్ చేయడం మానేసి, రాసినదంతా వాళ్లకే రాశాను. ఆ పేజీలు ఆఫర్ అయిపోగానే తీసేస్తుంటారు కాబట్టి, ఇంకా కనిపిస్తుంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. తీసేసి ఉంటే, పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి.

"మేం అమ్మినవాళ్లమే, గిఫ్ట్ వేరేవాళ్లది" అని దుకాణం చేతులు దులుపుకోవడం ప్రతిసారీ చెల్లదు. 2005లో అమెరికాలో కాంప్‌యూఎస్ఏ అనే దుకాణాల సంస్థ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. అక్కడ ఇవ్వాల్సిన రిబేట్ (కొన్నాక వెనక్కిచ్చే డబ్బు) తయారీదారుది. అతను సమయానికి ఇవ్వడం లేదని తెలిసి కూడా ఆ రిబేట్‌ని ప్రకటిస్తూ సరుకు అమ్మారన్నది ఆరోపణ. చివరికి ఆ బకాయిలు చెల్లించడానికి దుకాణం ఒప్పుకుంది. బ్రిటన్‌లోనూ ఇలాంటిదే నడిచింది. ఫోన్ కాంట్రాక్టులకి క్యాష్‌బ్యాక్ ఆశ చూపించి, తర్వాత సాధ్యం కాని షరతులతో ఎగ్గొట్టిన డీలర్ల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. దాంతో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2009లో నిబంధనలు తెచ్చింది. తమ కనెక్షన్లు అమ్మే డీలర్లు ఇచ్చే ఆఫర్ల షరతులు మరీ బిగింపుగా లేకుండా చూసుకోవాల్సిన బాధ్యతని నెట్‌వర్క్ కంపెనీల మీద పెట్టింది. అందుకే, మాటిచ్చింది దుకాణమే అయినా, ఫిర్యాదు కాపీ ఒకటి నెట్‌వర్క్‌కి కూడా పంపండి. తమ పేరు మీద అమ్మే డీలర్ గురించి కాగితం మీద ఫిర్యాదు వస్తే వాళ్లు పట్టించుకుంటారు.

ఆలస్యం అంటే ఎప్పటి నుంచి లెక్క అన్నది కూడా చూసుకోవాలి. 45 రోజులు అంటే కొన్న రోజు నుంచా, సిమ్ యాక్టివేట్ అయిన రోజు నుంచా, మొదటి బిల్లు కట్టాకా, క్లెయిమ్ ఆమోదించాకా? కాంట్రాక్ట్ రద్దు చేసుకునే వెసులుబాటు ఉన్న రోజులు దాటాకే గిఫ్ట్ పంపడం మామూలే. బ్రిటన్‌లో, ఐరోపా సమాఖ్య దేశాల్లో ఆన్‌లైన్‌లో గానీ ఫోన్‌లో గానీ తీసుకున్న కాంట్రాక్ట్‌ని సాధారణంగా 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. గిఫ్ట్ ఉంచుకుని కాంట్రాక్ట్ వదిలేసేవాళ్లు ఉంటారన్న భయం కంపెనీలకి ఉంటుంది, అందులో తప్పు పట్టలేం. కానీ దీనివల్ల మనకి జరిగే నష్టం కూడా ఉంది. గిఫ్ట్ రావట్లేదని తెలిసేసరికి రద్దు చేసుకునే గడువు దాటిపోతుంది. ఈ ఇబ్బంది వాళ్లు పెట్టుకున్న క్రమం వల్లే వచ్చింది కాబట్టి, ఆ క్రమాన్ని నిలబెట్టుకునే పూచీ కూడా వాళ్లదే అని నేను గట్టిగా నమ్ముతాను. మీ విషయంలో కొన్న రోజు నుంచి లెక్కేసినా, మొదటి బిల్లు నుంచి లెక్కేసినా 45 రోజులు ఎప్పుడో దాటాయి. "స్టాక్ వచ్చాక" అన్నది తేదీ కాదు. బ్రిటన్‌లో ప్రకటనలకి వర్తించే క్యాప్ కోడ్, స్టాక్ ఉన్నంతవరకే అని రాసుకున్నంత మాత్రాన నిర్వాహకుల బాధ్యత తీరదని చెప్తుంది. ఎంతమంది వస్తారో ముందే సమంజసంగా అంచనా వేసుకోవాల్సింది వాళ్లే.

ఇక్కడ ఇంకో సంగతి సరిచూసుకోండి. మీ ఆఫర్‌లో గిఫ్ట్ దానంతటదే వస్తుందా, మనం క్లెయిమ్ పెట్టుకోవాలా? చాలా ఆఫర్లలో ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), బిల్లు కాపీతో ఫలానా తేదీలోగా ఒక ఫారం నింపాలి. ఆ నంబరు కావాలంటే ఫోన్‌లో *#06# డయల్ చేస్తే కనిపిస్తుంది. ఎంతోమంది ఈ ఫారం నింపరని కంపెనీలకి తెలుసు, ఆఫర్ ఖర్చు అంచనా వేసేటప్పుడు ఆ సంఖ్యని లెక్కలోకి తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఫారం నింపలేకపోయేవాళ్లలో పెద్ద వయసువాళ్లు, ఆ భాష సరిగా రానివాళ్లే ఎక్కువగా ఉంటారు. మీరు ఫారం నింపి ఉంటే దాని రసీదు వెతకండి. నింపాలని మీకు ఎవరూ చెప్పకపోయి ఉంటే, అంత ముఖ్యమైన షరతుని అమ్మేటప్పుడే స్పష్టంగా చెప్పలేదన్నదే మీ ఫిర్యాదులో మొదటి అంశం అవ్వాలి.

ఇప్పుడు రాయడం గురించి. ఫోన్ కాల్స్ ఆపేయండి. కాల్ సెంటర్‌లో ఉన్న మనిషికి ట్యాబ్లెట్ పంపించే అధికారం ఉండదు, వాళ్ల మీద అరిస్తే మన బీపీ పెరగడం తప్ప ఇంకేం జరగదు. చాట్‌లో మాట్లాడితే ఆ సంభాషణ కాపీ దాచుకోండి. ఫోన్‌లో ఎవరైనా మాటిస్తే "మీరు ఇప్పుడు ఇలా చెప్పారు" అని వెంటనే ఒక మెయిల్ పెట్టండి. తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, ఫిర్యాదు అన్న మాట స్పష్టంగా వాడుతూ రాయండి. "ఎంక్వైరీ" అని నమోదైతే దానికి గడువులూ లేవు, పై మెట్టూ లేదు. నేను రాసినదాన్ని మీ సంగతికి తగ్గట్టు మార్చి ఇస్తున్నాను:

"ఇది అధికారిక ఫిర్యాదు. ఫలానా తేదీన, ఫలానా ఆర్డర్ నంబరుతో మీ దగ్గర 24 నెలల కాంట్రాక్ట్ తీసుకున్నాను. దానితో ఫలానా మోడల్ ట్యాబ్లెట్ 45 రోజుల్లో ఇస్తామని మీ ప్రకటనలో, ఆర్డర్ కన్ఫర్మేషన్‌లో ఉంది. కాపీలు జతచేస్తున్నాను. ఆ ట్యాబ్లెట్ ఉన్నందువల్లే ఈ ప్లాన్ ఎంచుకున్నాను. గిఫ్ట్ లేని ఇదే ప్లాన్‌కీ దీనికీ రెండేళ్లలో ఇంత తేడా ఉంది. నా చెల్లింపులన్నీ సకాలంలో జరిగాయి, మీరు ఇవ్వాల్సింది ఇంకా రాలేదు. ఫలానా తేదీలోగా అదే మోడల్ పంపండి. కుదరకపోతే అంతకు తగ్గని మోడల్, లేదా ఆఫర్ నాటి మార్కెట్ విలువ నగదుగా చెల్లించండి. ఆ తేదీ దాటితే మీ తుది సమాధానం రాతపూర్వకంగా ఇవ్వండి, నేను బయటి పరిష్కార సంస్థని ఆశ్రయిస్తాను."

ఇందులో ప్రాణం ఆ ఆఖరి తేదీలో ఉంది. ఆలస్యమైనప్పుడు అవతలివాళ్లకి సమంజసమైన గడువు ఒకటి రాతపూర్వకంగా ఇచ్చి, అదీ దాటితే ఒప్పందం తప్పినట్టు పరిగణించడం చాలా దేశాల చట్టాల్లో ఉన్న పద్ధతే. కొన్న వస్తువు డెలివరీ ఆలస్యమైతే చేయాల్సింది ఇదేనని ఐరోపా సమాఖ్య 2011 వినియోగదారుల హక్కుల ఆదేశం కూడా చెప్తుంది. రెండు వారాలు ఇస్తే ఎవరికైనా న్యాయంగానే అనిపిస్తుంది. తేదీ లేని ఫిర్యాదుని ఎన్నాళ్లైనా నాన్చవచ్చు. అలాగే "ఈ ట్యాబ్లెట్ ఉన్నందువల్లే ఈ ప్లాన్ ఎంచుకున్నాను" అన్న వాక్యం నిజమైతే వదలకండి. ఒప్పందంలో ఆ గిఫ్ట్ ఎంత ముఖ్యమో అది చెప్తుంది, రేపు బయటి పరిష్కార సంస్థ మొదట చూసేది దాన్నే.

నా ఉత్తరం వెళ్లాక ముందు ఒక మొక్కుబడి సమాధానం వచ్చింది. గడువు దగ్గరపడేసరికి ఒక మేనేజర్ మెయిల్ పెట్టారు. ఆ వాచ్ తయారీ ఆగిపోయిందట, బదులుగా ఫిట్‌నెస్ బ్యాండ్ పంపుతామన్నారు. ఒప్పుకోలేదు. మర్యాదగానే, రెండింటి ధరలూ పక్కపక్కన పెట్టి, ఇవి సమానం కావని రాశాను. తర్వాత వాచ్ విలువ మొత్తాన్ని నా బిల్లుల్లో తగ్గిస్తామన్నారు. దానికి ఒప్పుకున్నాను, కానీ ఎంత మొత్తం, ఏ బిల్లు నుంచి ఏ బిల్లు దాకా అన్నది ముందు రాతలో తీసుకున్నాను. మీకూ ఇలాంటి బేరమే రావచ్చు. తక్కువరకం వస్తువు ఇంటికొస్తే, ఊరుకోకుండా, దీన్ని పూర్తి పరిష్కారంగా ఒప్పుకోవడం లేదని వెంటనే రాయండి. బిల్లులో తగ్గింపు ఇస్తామంటే, కాంట్రాక్ట్ గడువు పెంచే మెలిక అందులో లేదని చూసుకున్నాకే సరేననండి.

కంపెనీ కదలకపోతే బయట ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఇక్కడ చాలామంది తప్పు తలుపు తడతారు. కొన్ని సంస్థలు కంపెనీల మీద చర్య తీసుకుంటాయి గానీ మీ ఒక్కరి గిఫ్ట్ ఇప్పించవు. ఆస్ట్రేలియాలో పోటీ, వినియోగదారుల వ్యవహారాలు చూసే ఏసీసీసీ, అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, బ్రిటన్‌లో ప్రకటనల్ని చూసే ఏఎస్ఏ అలాంటివి. వాటికి చెప్పడం మంచిదే, మీ తర్వాత వచ్చేవాళ్లకి ఉపయోగపడుతుంది. మీ వస్తువు కోసం మాత్రం వేరే చోటికి వెళ్లాలి. ఆస్ట్రేలియాలో వినియోగదారుల ఫిర్యాదులు పరిష్కరించే టెలికాం అంబుడ్స్‌మన్ ఉంది. బ్రిటన్‌లో ప్రతి టెలికాం కంపెనీ ఆఫ్‌కామ్ ఆమోదించిన ఒక వివాద పరిష్కార సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి. నిర్ణీత వారాలు గడిచినా తేలకపోతే, లేదా కంపెనీ తుది సమాధానం ఇచ్చేస్తే, అక్కడికి ఖర్చు లేకుండా వెళ్లవచ్చు. తుది సమాధానం అడగమన్నది అందుకే. అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీ మీద అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఫిర్యాదు పెడితే, కంపెనీ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. దానికి ఫీజు లేదు. భారతదేశంలో మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ (ఫోన్ నంబరు 1915), తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి కమిషన్ ఫీజు ఉండదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. సమస్య మొదలైన రెండేళ్లలోగా కేసు వేయాలి. మాటిచ్చింది టెలికాం కంపెనీ కాకుండా మామూలు దుకాణమైతే, చాలా దేశాల్లో చిన్న మొత్తాల కోర్టు ఉంటుంది. అక్కడ మీరు అడగాల్సింది ట్యాబ్లెట్ విలువ.

బిల్లు ఎందుకు ఆపకూడదంటే, మీరు ఆపిన మరుక్షణం ఒప్పందం తప్పింది మీరే అవుతారు. లైన్ కట్ చేస్తారు, మిగిలిన నెలల మొత్తం ఒకేసారి అడగవచ్చు, క్రెడిట్ రికార్డ్ మీద మచ్చ పడుతుంది. పైగా ఆఫర్ షరతుల్లో "బిల్లులు సకాలంలో కట్టినవారికే" అన్న లైన్ ఉంటే గిఫ్ట్ ఎగ్గొట్టడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. ఆటోపే ఉంటే అలాగే ఉంచేయండి.

రద్దు విషయానికొస్తే, మాటిచ్చింది దుకాణమో తయారీదారో అయితే నెట్‌వర్క్ కాంట్రాక్ట్‌ని దాని కోసం రద్దు చేసుకోవడం కష్టం. నెట్‌వర్క్ తన సేవ ఇస్తూనే ఉంది కదా. మాటిచ్చింది నెట్‌వర్కే అయి, ప్లాన్‌లో ఆ ట్యాబ్లెట్‌దే పెద్ద వాటా అయితే గట్టిగా అడగవచ్చు. అయినా సరే, పరిష్కార సంస్థ తీర్పు లేకుండా మీకు మీరుగా రద్దు చేసుకోకండి. ముందే వదిలేసినందుకు ఫీజు వేస్తారు. ట్యాబ్లెట్ విలువ అడగడమే తేలికైన దారి అని నా అభిప్రాయం.

ఈ ఎదురుచూపుల్లో ఒక జాగ్రత్త. "మీ గిఫ్ట్ డిపోలో ఆగింది, డెలివరీ కోసం కొద్ది మొత్తం కట్టండి" అంటూ లింక్‌తో మెసేజ్ వస్తే నొక్కకండి. నిజంగానే పార్సిల్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకి అది నమ్మశక్యంగా ఉంటుంది. కార్డు వివరాలు, ఓటీపీ ఎవరు అడిగినా ఇవ్వకండి. అనుమానం ఉంటే ఆర్డర్ కన్ఫర్మేషన్‌లో ఉన్న చిరునామాకే రాసి అడగండి.

మీ ఆర్డర్ కన్ఫర్మేషన్‌లో ట్యాబ్లెట్ గురించి రాసిన భాగాన్ని, ఆఫర్ నిబంధనల్లో నిర్వాహకుల పేరున్న లైన్‌ని, మీ పేరూ నంబర్లూ చెరిపేసి ఇక్కడ పెట్టండి. ఏ దేశమో కూడా రాయండి. ఫిర్యాదు ఎవరి పేరున రాయాలో, తర్వాత ఎక్కడికి వెళ్లాలో చూసి చెప్తాను.